వంగ వేళ్లకు బుడిపెలు

మా మామగారు బొబ్బిలి బజారులో బట్టల కొట్టు నడిపారు. కొట్టు మా ఆయన చేతికొచ్చాక ఇంట్లో తోచక, ఊరి చివర చిన్న పొలం కొని వంగతోట వేశారు. పొద్దున్నే పిల్లల్ని స్కూలు బస్సెక్కించి, మామగారిని స్కూటీ మీద పొలంలో దింపడం నా పని. ఇది రెండు వేల పదిహేను ప్రాంతం మాట.

పక్క పొలం ఒక పెద్దావిడది. భర్త పోయాక ఒంటిచేత్తో సేద్యం చేసుకునేది. బోరు ఆవిడదే. ఆవిడ పొలం మీదుగా కాలువలో మాకు నీరొచ్చేది. నర్సరీ నుంచి తెచ్చిన వంగనారు మిగిలితే మామగారు ఆవిడకిచ్చారు. దుక్కి ఆలస్యమై ఆవిడ దాన్ని కొన్నాళ్లకు గాని నాటలేదు.

మా మొక్కలు పూతకొచ్చే వేళకి మధ్యాహ్నం వాడిపోయి, సాయంత్రానికి తేరుకోవడం మొదలుపెట్టాయి. నీరెక్కువ పెట్టారు. మందుల కొట్టువాడు ఇచ్చినవన్నీ కొట్టారు. ఆకులు పసుపు రంగుకి తిరిగాయి, కొన్ని మొక్కలు చచ్చిపోయాయి. అప్పుడు మామగారి అనుమానం కాలువ నీళ్ల మీదకి పోయింది. ఒకరోజు గట్టు మీద నిలబడి ఆవిణ్ణి అడిగేశారు.

"కలుపుమందు డబ్బా కాలవలో కడిగినావేటి?"

"నానెందుకు కడుగుతాను, సావుకారి బాబూ? నా మడికీ అదే నీరు కదా. నువ్వు సూసినావా?"

"సూడక్కర్లేదు. నా మొక్కలే సెప్తన్నాయి."

ఆవిడ మొహం తిప్పుకుని కలుపు తీసుకోసాగింది. ఆ రోజు నుంచి మాటల్లేవు. కానీ నీరు మాత్రం ఆపలేదు.

చివరికి, చచ్చిన మొక్కనొకదాన్ని వ్యవసాయాఫీసులో చూపిద్దామని నన్ను పీకమన్నారు. పీకాను. సన్నటి వేళ్లు ఉండాల్సిన చోట అల్లం కొమ్ముల్లా ఉబ్బిన బుడిపెలు. మట్టితో సహా సంచిలో వేసుకుని వెళ్లాం.

ఆఫీసులో ఉన్న అమ్మాయి వేరు కడిగి, బ్లేడుతో చీల్చి చూసింది. "నులిపురుగులండి. మట్టిలో ఉంటాయి, కంటికి కనిపించవు. వేరులో దూరి ఇలా ముడులు కట్టేస్తాయి. ఇక నీరు పైకెక్కదు. ఆ గాయాల్లోంచి ఎండు తెగులు కూడా లోపలికి పోతుంది" అంది. తర్వాత, "నారుతోనే వచ్చుండొచ్చు. ఎవరికైనా ఇచ్చారా?" అని అడిగింది.

మామగారు ఏం చేయాలో అడిగి తెలుసుకుని, వేరుని మళ్లీ సంచిలో వేసుకున్నారు. తిరుగుదారిలో స్కూటీ ఇంటివైపు తిప్పబోతుంటే నా భుజం తట్టి, "పొలానికి పోనీయమ్మా" అన్నారు.

ఆవిడ తన తోటలోనే ఉంది. మమ్మల్ని చూసి నడుం ఎత్తింది.

"మళ్లీ ఏటి తగువు?"

"తగువు కాదప్పా. ఒక మొక్క పీకి సూడు." అక్కని పిలిచినట్టు 'అప్పా' అన్నారు మామగారు.

ఆవిడ మొక్కలు ఇంకా పచ్చగానే ఉన్నాయి. అనుమానంగానే ఒకటి పీకింది. వేళ్లకు అవే బుడిపెలు, చిన్నవి.

"ఇది నానిచ్చిన నారుతోనే వచ్చినట్టున్నాది. నిన్ను లేనిపోని మాటన్నాను" అన్నారు మామగారు. అంత పెద్దమనిషి తల దించుకోవడం నేనదే మొదటిసారి చూడటం.

ఆవిడ ఆ వేరుని చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూసింది. "మాటా పడ్డాను, రోగమూ పడ్డాను. సరే, ఇప్పుడేటి సేద్దాం?"

ఆ అమ్మాయి చెప్పినట్టే చేశారు. రెండు తోటల్లోనూ జబ్బు మొక్కల్ని వేళ్లతో సహా పీకి కాల్చేశారు. ఎండల్లో లోతుగా దున్ని మట్టిని ఎండబెట్టారు. వానలు పడ్డాక వేపపిండి చల్లి ఒత్తుగా బంతి వేశారు. బంతి వేళ్లుంటే ఆ పురుగు పెరగదట. పూలతోట వేస్తే బజారులో నవ్వుతారని మామగారు కొంచెం సిగ్గుపడ్డారు. "నవ్వినోళ్లకే అమ్ముదాం బాబూ" అందావిడ. దసరాకి ఇద్దరి పూలూ ఒకే ఆటోలో బజారుకెళ్లాయి. మా కొట్టు గుమ్మానికి కూడా ఆ పూల దండే కట్టాం.

మరుసటి ఏడు ఆవిడ వంగ బాగా కాసింది. మాదీ కాసింది గాని, పల్లపు మూలలో మళ్లీ బుడిపెలు కనిపించాయి. ఇది పూర్తిగా పోయేది కాదని, అదుపులో ఉంచుకోవాల్సిందేనని ఆఫీసులో ముందే చెప్పారు. మామగారు బాధపడలేదు. ఆ మూల వంగ మానేసి, ఆ పురుగుకి పడని నువ్వులు వేశారు. మిగతా పొలంలో మాత్రం అప్పుడప్పుడూ ఒక మొక్క పీకి, వేరు కడిగి, ఆవిణ్ణి పిలిచి చూపించేవారు. ఇద్దరూ గట్టు మీద కూర్చుని దాన్ని పరీక్షగా చూసుకునేవారు.