అమ్మ దిక్కు గీతలు

లక్ష్మీనర్సయ్య యూనివర్సిటీలో జన్యుశాస్త్రం డిపార్ట్‌మెంటులో ఇరవై ఆరేళ్లుగా అటెండరు. చెవుడు మీద పరిశోధన చేసే స్వర్ణ మేడం దగ్గరికి వచ్చినవాళ్లను కూర్చోబెట్టి, వంశపటానికి వివరాలు రాబట్టేది ఆయనే. ఆడవాళ్లకు సున్నా, మగవాళ్లకు గడి, చెవుడున్నవాళ్లకు నల్లరంగు. ఎవరైనా తండ్రి వైపే చెప్పుకుపోతుంటే ఆపి, అమ్మ దిక్కు చెప్పుండ్రి అనేవాడు. స్కాలర్లు ఆయన్ని చిన్న ప్రొఫెసరని ఆటపట్టించేవాళ్లు.

కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాకు సొంత జన్యువులుంటాయని, అవి తల్లి నుంచే వస్తాయని మేడం చెప్పగా ఎన్నోసార్లు విన్నాడు. ఆ జన్యువులను చదివి ప్రోటీన్లు తయారుచేసే చిన్న యంత్రమూ అందులోనే ఉంటుంది. కొన్ని కుటుంబాల్లో ఆ యంత్రపు జన్యువులో ఒక్క అక్షరం తేడా. మామూలుగా ఏమీ కాదు. ఒక రకం యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఇస్తే మాత్రం మందు దానికి అతుక్కుని, లోపలి చెవి కణాలు చచ్చిపోతాయి.

నిరుడు వానాకాలం, లాలాగూడలో ఉండే చెల్లెలు సోమమ్మ పెద్దబిడ్డ భూమికకు కిడ్నీ ఇన్‌ఫెక్షన్ వచ్చింది. తార్నాకలో ఒక ఆసుపత్రిలో చేర్చారు. ఇంజెక్షన్ రాసేముందు డాక్టరు, కుటుంబంలో ఎవరికైనా చెవుడుందా అని అడిగాడు. భూమిక తండ్రి రైల్వే వర్క్‌షాపులో డ్యూటీకి పోయాడు. సోమమ్మ పక్కనే ఉన్న అన్న ముఖం చూసింది. ఆడపిల్ల ఇంటిపేరు తండ్రిది, కుటుంబమంటే ఆ ఇల్లే. లక్ష్మీనర్సయ్య ఆ ఇంట్లోవాళ్లను ఒక్కొక్కరినే తలుచుకుని, "ఎవ్వరికి లేదు సార్" అన్నాడు.

తన తల్లి ఉప్పలమ్మ ఆయన మనసులోకే రాలేదు. నలభై దాటాక టీబీ సూదులు వేయించుకుని చెవులు పోగొట్టుకుందామె. అవీ ఆ రకం మందే. సూదులు పడలేదని ఇంట్లో అనుకున్నారు, అంతే.

ఇంజెక్షన్లతో జ్వరం తగ్గింది. రెండు వారాలకు భూమిక ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చి, మార్చి, పక్కన పెట్టేసింది.

మేడం భూమికకు రక్తం పరీక్ష చేయించింది. అదే తేడా. సోమమ్మ అన్నది, "అందరి అమ్మలను అడుగుతవు గదా అన్నా. మన అమ్మ యాదికి రాలేదా?"

మరునాడు ఆయన తెల్లకాగితం తీసుకుని ఉప్పలమ్మ సున్నా గీసి నల్లరంగు నింపాడు. కింద తన గడి, సోమమ్మ సున్నా. ఆ కింద భూమికది. రంగు నింపడానికి చాలాసేపు పట్టింది. పక్కన చిన్నబిడ్డ పూర్ణిమ సున్నా తెల్లగా ఉంది.

ఆ ఇంజెక్షన్ ఇవ్వొద్దని మేడంతో కార్డుల మీద రాయించి, తార్నాక జిరాక్సు దుకాణంలో లామినేషన్ చేయించాడు. సాయంత్రం సోమమ్మకొకటి, పూర్ణిమకొకటి ఇచ్చాడు. భూమిక చెల్లెలి చేతిలో కార్డు తీసుకుని చదివింది.

"నాకేది మామా?" అంది. గొంతు ఎంత పెద్దగా వచ్చిందో ఆమెకు తెలియలేదు.

ఆయన జేబులో ఇంకొక్కటే ఉంది, తన పేరుది.