పడవమ్మాయి ఆట ఆడిన మా పిన్ని

మా పిన్ని పోయిందని చింతపల్లి నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. హాస్టల్ పిల్లలను బడికి పంపి, కాఫీ తాగి, ఎండలో కుర్చీ వేసుకుని కూర్చుందట. పిల్లలు మధ్యాహ్నం అన్నానికి వచ్చేసరికి అలాగే కూర్చుని ఉందట. నేను వెళ్ళేసరికి చర్చి వెనక సమాధి మట్టి ఇంకా తడిగానే ఉంది.

మీలో ఎవరైనా చింతపల్లి మిషన్ బడిలో చదివి ఉంటే ఆమె మీకు వార్డెన్ టీచరమ్మ. నాకు అమ్మ చెల్లెలు. పెళ్ళి చేసుకోలేదు, రిటైరయ్యాక కూడా హాస్టల్ వదల్లేదు. తలుచుకోగానే నాకు కనబడేది మాత్రం శాలువా కప్పుకుని, కంప్యూటర్ ముందు రెండు వేళ్ళతో మీటలు నొక్కుతున్న మనిషి.

తొంభైల చివర్లో నేనూ ఆ హాస్టల్లోనే ఉండేదాన్ని. విశాఖపట్నం నుంచి ఎవరో తాము వాడిన కంప్యూటర్ బడికి ఇచ్చారు. దాంతోపాటు ఒక ఆట సీడీ వచ్చింది. ఓడెక్కి వెళ్ళి తిరిగిరాని తండ్రిని వెతుక్కుంటూ ఒక అమ్మాయి చిన్న పడవలో దీవి నుంచి దీవికి వెళ్తుంది. ప్రతి దీవిలోనూ తండ్రి వదిలివెళ్ళిన గుర్తు ఒకటి ఉంటుంది. అది ఎటు చూపిస్తే అటు పడవ తిప్పాలి. దాని ఇంగ్లీషు పేరు మాకు నోరు తిరగలేదు. పడవమ్మాయి ఆట అనేవాళ్ళం.

ఆదివారం ఆరాధన అయ్యాక, కరెంటు ఉంటే, పిన్ని ఆడేది. మేము వెనక చాప మీద కూర్చునేవాళ్ళం. కొండల్లో పుట్టిన పిల్లలం, సముద్రం చూసినవాళ్ళు మాలో లేరు. "బేగి ఎల్దాం టీచరమ్మా" అని ఎవరైనా తొందరపెడితే, "ఆగవే గుంటా. ఆ పిల్ల అలిసిపోనాది, కూసేపు కూకోనీ" అని పడవను ఒడ్డున ఆపేసేది.

చివరి దీవిలో దీపస్తంభం ఉంటుంది. దాని తలుపు దాకా వెళ్ళాం. ఆ వానాకాలం చెమ్మకు సీడీకి బూజు పట్టింది. ఎంత తుడిచినా తలుపు దగ్గరికి వచ్చేసరికి తెర మీద బొమ్మ ఆగిపోయేది. పిల్లలం త్వరలోనే మరిచిపోయాం. పిన్ని మరిచిపోలేదు. ఆదివారం ఆదివారం ఆ సీడీ పెట్టి చూసేది.

సెలవుల్లో ఈ సంగతి చెప్తే అమ్మ పొయ్యి దగ్గర నుంచి తలెత్తలేదు. "మీ తాతా అలగే ఎల్లిపోనాడు. అండమాన్ల కలప పనని ఓడెక్కినాడు. మీ పిన్నికప్పుడు పాలపళ్ళు కూడా ఊడనేదు. మొదట్ల కబురొచ్చేది, తరవాత అదీ నేదు. ఒగ్గేసి పోనోడి మాట మనకెందుకు?"

అమ్మకు ఆయన మీద కోపం. పిన్నికి కోపం లేదు. అందుకు అమ్మకు పిన్ని మీద కూడా కోపం.

కొన్నేళ్ళకు ఆ ఆట బాగా పేరు మోసింది. రెండో భాగం, మూడో భాగం వచ్చాయి. బొమ్మల పుస్తకాలు వేశారు. టీవీలో తెలుగు మాటలతో కార్టూన్ వచ్చింది. విశాఖపట్నంలో డిగ్రీ చదువుతూ, పాత పుస్తకాల కొట్టులో కనబడితే ఒక బొమ్మల పుస్తకం కొని పిన్నికి పట్టుకెళ్ళాను. అందులో అమ్మాయి దీపస్తంభం తలుపు తీస్తే లోపల తండ్రి సమాధి ఉంటుంది. పిన్ని పుస్తకం మూసి, కళ్ళజోడు తుడుచుకుంది.

ఆ తర్వాత నేను మళ్ళీ వెళ్ళినప్పుడు కార్టూన్ ఆఖరి భాగం వచ్చింది. హాస్టల్ టీవీలో అందరం చూశాం. అందులో తండ్రి బతికే ఉన్నాడు. కూతుర్ని ఎత్తుకుని గిరగిరా తిప్పాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. పిన్ని టీవీ కట్టేసి నా వైపు తిరిగింది.

"ఒకళ్ళు సచ్చిపోనాడంతారు. ఒకళ్ళు దొరికినాడంతారు. ఎవుల మాట నమ్మాల? ఎల్లి సూడాల గానీ."

"ఆట గురించేనా పిన్నీ?"

"ఓడ టిక్కెట్లు ఎక్కడిత్తారో కనుక్కో" అంది.

ఆ వేసవిలో ఇద్దరం విశాఖపట్నం రేవులో ఓడెక్కాం. పోర్ట్‌బ్లెయిర్‌లో తెలుగువాళ్ళ చర్చి ఒకటి ఉంది. ఆరాధన అయ్యాక పిన్ని లేచి తండ్రి పేరూ ఊరి పేరూ చెప్పింది. బయటికి వచ్చాక ఒక ముసలాయన మా దగ్గర ఆగాడు.

"నాతోటి కలప డిపోల పని సేసినాడమ్మా. పోయి శానా కాలమైంది. ఇక్కడ మల్లీ పెళ్ళి సేసుకున్నాడు, కూతురుంది. రండి."

ఆ కూతురిది అచ్చం పిన్ని ముక్కే. రేకుల ఇంటి ముందు ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ నిలబడిపోయారు. ముందుగా ఆ కూతురే మాట్లాడింది.

"క్రిస్మస్ వస్తే నాన్న అనేవాడు. మా ఊల్లో ఈపాటికి సలిమంటేసుకుంతారు, నా సిన్నగుంట మంటకి మరీ దగ్గిరగా కూకుంతాది, ఎవులైనా ఎనక్కి లాగుతన్నారో నేదో, అని."

పిన్ని ఏడుస్తుందనుకున్నాను. "ఏటి తినీవోడు?" అని అడిగింది. ఆమె చెప్తూంటే వింటూ ఆ వంటింట్లో పొద్దువాలే దాకా కూర్చుంది. ఎందుకు తిరిగి రాలేదో అడగమని నేను చెవిలో చెప్పాను. "ఆ పిల్లకేటి తెలుస్తాది?" అంది.

అప్పటి నుంచి ఆ అక్కచెల్లెళ్ళిద్దరూ ఆదివారాలు ఫోన్లో మాట్లాడుకునేవారు. అమ్మ ఒక్కసారే ఫోన్ అందుకుని, "బాగున్నావా?" అని అడిగి, జవాబు విని, పిన్ని చేతికిచ్చి పెరట్లోకి వెళ్ళిపోయింది. నేను ఆ ఆట కొత్త సీడీ కొనిస్తే పిన్ని ఏటేటా వచ్చే పిల్లలకు నేర్పేది. దీపస్తంభం రాగానే మాత్రం "మీరు సూడండే" అని లేచి, అన్నం ఉడికిందో లేదో చూడటానికి వెళ్ళేది. ఆటలో ఆ తలుపు వెనక ఏముందో ఆమె ఎప్పుడూ చూడలేదు, అడగలేదు.

అండమాన్ నుంచి తిరిగి వస్తున్నప్పుడు ఒక మిట్టమధ్యాహ్నం నన్ను గట్టిగా పిలిచింది. చెవులకు మఫ్లర్ చుట్టుకుని ఓడ అంచున నిలబడి ఉంది.

"ఏటే అవి, పిట్టలా?"

"చేపలు పిన్నీ. ఎగిరే చేపలు."

నమ్మలేదు. అవి నీళ్ళలోంచి లేచి, ఎండలో తళుక్కుమని, చాలా దూరం పోయి మళ్ళీ మునిగేవి. భోజనం గంట కొట్టారు, అందరూ కిందికి వెళ్ళిపోయారు. పిన్ని కదల్లేదు. కమ్మీ పట్టుకుని ముందుకు వంగి, ఇంకొకటి ఎక్కడ లేస్తుందా అని నీళ్ళకేసి చూస్తూ ఉండిపోయింది.