ఎగరనని చెప్పిన మనిషి

మా మేనమామ పోయాడన్న కబురు నాకు మద్రాసు విమానాశ్రయంలో అందింది. మా కంపెనీ వాళ్లని అక్కడ దింపి తిరుగు ప్రయాణానికి సిద్ధమవుతుంటే, ఇంటి నుంచి ఫోనని ఆఫీసు మనిషి పిలిచాడు. అవతల నాన్న. పొద్దున చాయ్ తాగి, గోడకి ఒరిగి, మామ అలాగే వెళ్లిపోయాడట. ఆ రోజు నేను విమానం నడపలేదు. మనసు కుదురుగా లేనప్పుడు ఆ సీట్లో కూర్చోకూడదని నేర్పింది మామే. మా జెట్‌ని అక్కడే వదిలేసి, టికెట్ కొనుక్కుని అందరిలాగే హైదరాబాదు వచ్చాను.

ఆయన మా అమ్మకి తమ్ముడు. మాతోనే యాకుత్‌పురాలో, మేడమీది గదిలో ఉండేవాడు. అరవైల చివర్లో ఒక ఫ్యాక్టరీ యజమానికి సొంత విమానం ఉండేది, రెండు ఇంజన్ల చిన్నది. దానికి మామ పైలట్. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాతో సైకిలెక్కి బేగంపేట విమానాశ్రయానికి బయల్దేరితే సందులో పిల్లలు మూలమలుపు దాకా వెంటపడేవాళ్లు.

ఒక వానాకాలం సాయంత్రం ఆ యజమాని ఏదో పెళ్లికి పోవాలన్నాడు. పడమట మబ్బు నల్లగా కమ్ముకుని ఉంది. మామ వద్దన్నాడు. యజమాని వెంట చుట్టాలున్నారు, వాళ్ల ముందు ఒక జీతగాడు కాదనడమేమిటని ఆయనకి మండింది. వీడు తాగి ఉన్నాడు, అందుకే భయపడుతున్నాడని అక్కడున్న అందరికీ వినపడేలా అన్నాడు. కాసేపటికి కురిసిన వానలో ఆ సాయంత్రం ఏ విమానమూ లేవలేదు. అయినా తెల్లారేసరికి మామకి ఉద్యోగం లేదు. తాగి వచ్చే పైలట్ అన్న మాట మాత్రం ఆయనకంటే ముందే ప్రతిచోటికీ చేరిపోయింది. ఎవరూ పనివ్వలేదు. కుదిరిన పెళ్లి సంబంధం కూడా తప్పిపోయింది. జీవితంలో కల్లు చుక్క ముట్టని మనిషి ఆయన.

ఆ తర్వాత ఆయనకొక అలవాటైంది. ఎవరితో మాట్లాడినా మొహంలో మొహం పెట్టి మాట్లాడేవాడు. కూరగాయల బండి దగ్గరైనా అంతే, పెళ్లికి వచ్చిన పెద్దమనిషితోనైనా అంతే. ఎందుకలా మీద పడతావని అమ్మ కసురుకుంటే, "వాసన చూసుకోనీ అక్కా," అనేవాడు.

బతుకుతెరువుకి కారు డ్రైవింగ్ నేర్పేవాడు. బార్కస్ వైపు ఖాళీ రోడ్లమీద ఒక పాత ఫియట్ తిప్పుతూ, పైన విమానం చప్పుడైతే బండి పక్కకి ఆపించి తలెత్తి చూసేవాడట. నేర్చుకునేవాళ్లు చెప్పేవారు.

నేను ఇంటర్ పాసయ్యాక, పైలట్‌నవుతానని నాన్నతో అన్నాను. నాన్న ఒప్పుకోలేదు. మామ ఆ రాత్రి అన్నం ముట్టలేదు, మర్నాడూ ముట్టలేదు. నాన్నే దిగొచ్చాడు. ఫ్లయింగ్ క్లబ్బులో చేరకముందే మేడమీద నా చదువు మొదలైంది. నవారు మంచం మీద కూర్చోబెట్టి, నా రెండు కాళ్ల కింద పెడళ్లకి బదులు రెండు ఇటుకలు పెట్టి, విమానం స్టిక్ అనుకోమని చేతికి రోకలి ఇచ్చి, కళ్లు మూసుకోమనేవాడు. ఎడమకి తిరుగు, ముక్కు దించు, ఇంజన్ ఆగింది, ఎక్కడ దింపుతావ్? జవాబు ఆలస్యమైతే తిట్లే. గాలి ఎటుందో చూసి చెప్పమంటే, బేకరీ పొగ చూసి నేను చెప్పేదాన్ని. "ఎగురుమని ఎవడన్న చెప్తడు బిడ్డా," అనేవాడు. "ఎగరనని చెప్పనీకి దమ్ముండాలె."

నాకు కోపమొచ్చి ఆ యజమానిని తిడితే మాత్రం వారించేవాడు కాదు. ఆ కోపాన్ని హలీం లాగా సన్నమంట మీద పెట్టుకో, తొందరపడితే అడుగంటుతుంది అనేవాడు.

నేను పెట్టుకున్నాను. లైసెన్సు తెచ్చుకున్నాను. క్లబ్బులో కొత్తవాళ్లకి నేర్పాను, చిన్న విమానాల్లో కో-పైలట్‌గా పక్కసీటులో ఏళ్లు గడిపాను. ఎనభైల్లో ఆ యజమాని జెట్ కొన్నాడనీ పైలట్లు కావాలనీ తెలిసిన రోజే వెళ్లి కలిశాను. మామది వేరే ఇంటిపేరు, యజమానికి అనుమానం రాలేదు. విదేశంలో శిక్షణకి కూడా ఆయనే పంపాడు. చివరికి ఆ విమానానికి నేనే కెప్టెన్‌నయ్యాను. మామ ఏమీ తొందరపెట్టలేదు. అప్పుడప్పుడు, "మంట ఉన్నదా?" అని మాత్రం అడిగేవాడు.

మళ్లీ ఒక వానాకాలమే. బొంబాయిలో మంత్రిని కలవాలి, బయల్దేరమన్నాడు యజమాని. మబ్బు చూసి నేను కాదన్నాను. పక్కన ఇద్దరు అతిథులు, నా తోటి పైలట్, మెకానిక్కులు ఉన్నారు.

"మునుపు ఒకడుండె మా దగ్గర," అన్నాడాయన నవ్వుతూ. "గిట్లనే వద్దన్నడు. తాగుబోతు."

నేను దగ్గరికి వెళ్లాను, ఊపిరి తగిలేంత దగ్గరికి. "వాసన చూడుర్రి సార్. ఆ తాగుబోతు మా మేనమామ."

ఆయన నవ్వు అక్కడే ఆగిపోయింది. వాన కురిసి వెలిసింది. ఆకాశం తేటబడింది. ఇక పోదామన్నాడు, గొంతు తగ్గించి. విమానం నడపడానికి ఇంకో కెప్టెన్ లేడు. అవతల మంత్రి ఎదురుచూస్తున్నాడు.

"ఆ దినం మా మామ తాగిండా? వీళ్ల ముంగట చెప్పుర్రి. చెప్పినంక పోదాం."

నేలకేసి చూస్తూ తాగలేదన్నాడు. వినబడలేదన్నాను. మళ్లీ అన్నాడు, ఈసారి మెకానిక్కులు కూడా తల తిప్పి చూసేంత గట్టిగా. ఒక్క కుదుపు లేకుండా బొంబాయిలో దింపి, ఉద్యోగం వద్దని చెప్పి, రైలెక్కి ఇంటికొచ్చాను. ఇప్పటి కంపెనీలో చేరింది ఆ తర్వాతే. పైలట్ అలా చెయ్యవచ్చా అని తర్వాత కొందరు అడిగారు. చెయ్యకూడదేమో. అవకాశమొస్తే మళ్లీ చేస్తాను.

మామ అంతా విని మొదట అడిగింది ఒకటే: "మబ్బు పోయినంకనే లేపినవా?"

"పోయినంకనే మామా."

"అయితే మళ్ల చెప్పు. వాడేమన్నడు?"

చెప్పాను. మర్నాడు ఇరుగుపొరుగుని పిలిచి వాళ్ల ముందు చెప్పించాడు. ఆ తర్వాత మామ కూరగాయల బండి దగ్గర దూరంగా నిలబడి మాట్లాడటం చూశానని అమ్మ చెప్పి ఏడ్చింది. అంతమాత్రాన ఆయన ఆ మనిషిని క్షమించలేదు. క్షమించమని నాకు చెప్పనూ లేదు. అందుకు నేను ఆయనకి రుణపడి ఉన్నాను.

అంత్యక్రియల నాడు ఫ్యాక్టరీ కారు వచ్చింది. డ్రైవరు యజమాని పేరున్న చీటీ కట్టిన పెద్ద చామంతి దండ తెచ్చాడు. నాన్న అందుకోబోయాడు. నేనే తీసుకుని సందులోకి వెళ్లి మురుగు మోరీ పక్కన పడేశాను. ఎదురింటి మేక వచ్చింది. మామ పాడె పక్కనుంచి పోతున్నా అది తలెత్తలేదు. దండతో పాటు చీటీని కూడా కలిపి నింపాదిగా నములుతూ ఉంది.