హాసినిని తీసుకెళ్ళిన ఆంటీ

మా భానుశ్రీకి భయం పుట్టుకతో రాలేదు, ఉద్యోగంతో వచ్చింది. పన్నెండేళ్ళుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తోంది. ఎవరో కష్టపడి తయారుచేసింది ఎక్కడ చెడిపోతుందా అని వెతకడమే ఆమె పని. ఆఫీసులో మెచ్చుకునే ఆ గుణమే ఇంట్లో అందరి ప్రాణం తోడేస్తుంది. అమెరికాలో, కాపెల్ అనే ఊళ్ళో, స్నేహితురాళ్ళం మా ఇద్దరి ఇళ్ళకీ మధ్య ఒక్క వీధే. పిల్లల్ని పార్కుకి తీసుకెళ్దామన్నా "అక్కడ తేనెటీగలుంటే ఎట్ల స్పందనా?" అని నన్ను నిలదీస్తుంది.

అలాంటి మనిషి చేతికి స్కీ ట్రిప్ ప్లానింగ్ అప్పగించాం. మిగతావాళ్ళకి బద్ధకం, ఆమెకి భయం. భయమున్నవాళ్ళు ఏదీ మర్చిపోరని నేనే వాదించాను.

రిసార్ట్ పేరు చెప్పను, తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. రెండు పెద్ద కొండలు, రెండింటికీ ఒకటే టికెట్. శిఖరం మీదుగా కేబుల్ కార్ ఒకటి ఇటువాళ్ళని అటు దింపుతుంది. అక్టోబర్ నుంచి భానుశ్రీ ఎక్సెల్ షీట్ నింపుతూనే ఉంది. మేముండే వైపు పిల్లల స్కీ క్లాసులన్నీ నిండిపోయాయి. అవతలి కొండ మీద ఒక్క సీటు దొరికింది, ఆమె కూతురు తొమ్మిదేళ్ళ హాసినికి. అక్కడ పట్టుకుంది ఆమెకి దిగులు.

"క్లాస్ మూడింటికి అయిపోతది. గాలి లేచి కేబుల్ కార్ బంద్ చేస్తే?"

"రోడ్డుందిగా."

"చుట్టు తిరిగి గంటన్నర డ్రైవ్! అప్పటిదాంక పిల్ల ఎవరి దగ్గరుంటది?"

నేను నవ్వాను. అలా నవ్వినందుకు ఈరోజుకీ సిగ్గుపడుతున్నాను.

క్లాస్ క్యాన్సిల్ చేస్తానంది. ఆమె భర్త రఘువీర్‌కి విసుగొచ్చింది. "నీ భయమంతా దానికి ఎక్కిస్తున్నవ్. రేపు అది రోడ్డు దాటనీకి కూడా భయపడతది" అన్నాడు. ఆ మాట ఆమెకి గట్టిగా తగిలింది. స్కీ స్కూలు ఫారం తెరిచింది. పిల్లని తీసుకెళ్ళే పెద్దవాళ్ళుగా తన పేరు, రఘువీర్ పేరు, నా పేరు రాసింది. బంధుత్వం అన్న గడిలో నాకెదురుగా 'ఆంటీ' అని టైప్ చేసింది. పక్కన కూర్చుని చూస్తున్న నాకూ అందులో తప్పేమీ కనిపించలేదు. పుట్టిన ఆసుపత్రి నుంచి హాసిని ఇంటికొచ్చింది నా కార్లోనే మరి.

జనవరిలో వెళ్ళాం. మొదటి రోజు పొద్దున భానుశ్రీ హాసినిని క్లాసులో దింపి ఇవతలికి వచ్చింది. మళ్ళీ రెండున్నరకల్లా వెళ్ళాలని ఆమె లెక్క. రెండింటికే గాలి లేచింది, కేబుల్ కార్ ఆపేశారు. ఇదిగో ఇందుకే చెప్పాను అని ఆమె ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేది. ముగ్గురం కార్లో పడ్డాం.

మంచు రోడ్డు మీద రఘువీర్ నిదానంగా నడుపుతున్నాడు. మూడూ పదికి సిగ్నల్ దొరకగానే భానుశ్రీ స్కీ స్కూలుకి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది. ఆలస్యమవుతుందని చెప్పబోయింది.

"కంగారు పడకండి" అంది అటువైపు అమ్మాయి ఇంగ్లీషులో, హుషారుగా. "మీ పాపని వాళ్ళ ఆంటీ తీసుకెళ్ళారు. ఫారంలో ఉన్నారుగా."

ఆ ఫారంలో ఉన్న ఆంటీని నేనే. భానుశ్రీ పక్క సీట్లో కూర్చుని ఉన్నాను.

"ఆంటీ పేరేమిటి?" అని నేనే అరిచాను. అడగలేదట. పాప ఆమెని ఆంటీ అని పిలుస్తూ చెయ్యి పట్టుకుందట, ఆమె కూడా ఇండియన్‌లాగే ఉందట. వెతకండి, పోలీసులకి చెప్పండి అని రఘువీర్ గొంతు చించుకున్నాడు. భానుశ్రీ గోళ్ళు నా మణికట్టులో దిగిపోయాయి.

"నేనే నేర్పిన" అంది మెల్లగా. "పెద్దోళ్ళు ఎవరు కనబడ్డా ఆంటీ అనాలె, పేరు పెట్టి పిలవద్దని నేనే నేర్పిన స్పందనా."

ఇంకా నలభై నిమిషాల దారి ఉంది. మధ్యలో ఫోన్ సిగ్నల్ మళ్ళీ పోయింది. ఆ నలభై నిమిషాల్లో నేను ఊహించుకున్నవి ఎవరికీ చెప్పలేదు, చెప్పను కూడా.

మేం చేరేసరికి హాసిని క్లాస్ పక్కనున్న క్యాంటీన్‌లోనే ఉంది. ఫ్రెంచ్ ఫ్రైస్ తింటోంది. పక్కన అరవై ఏళ్ళ పెద్దావిడ, శాలువా కప్పుకుని. స్కూలువాళ్ళు బయట పార్కింగంతా వెతికారట, ఇక్కడ తప్ప.

"ఏడుస్తుంటే తెలుగులో పలకరించానమ్మా. ఆంటీ, మా అమ్మ రాలేదు అంది" అని ఆవిడ లేచి నిలబడింది. "నా పేరు రత్నం. మనవడి కోసం వచ్చాను. స్కూలువాళ్ళు పిల్లని నా చేతిలో పెట్టి వెళ్ళిపోయారు. మీకు ఫోన్ చేస్తారులే అనుకున్నాను."

భానుశ్రీ ఆవిడకి రెండు చేతులూ జోడించింది. తర్వాత హాసిని వైపు తిరిగి చెంప మీద ఒక్కటిచ్చింది. ఎన్నడూ చెయ్యెత్తని మనిషి.

"ఎవ్వరినీ ఆంటీ అనకు! నీకు ఎవ్వరూ ఆంటీ కారు! అర్థమైతుందా?"

రత్నంగారి ముఖం చిన్నబోయింది. భానుశ్రీ అది చూడలేదు. పిల్లని గుండెకి హత్తుకుని నేల మీదే కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

తిరుగు ప్రయాణంలో హాసిని మా ఇద్దరి మధ్యా కూర్చుంది. చెంప ఇంకా ఎర్రగానే ఉంది. "నా దగ్గర పడుకో తల్లీ" అని చెయ్యి చాచాను. ఎప్పుడూ అడక్కుండానే నా ఒళ్ళో తల పెట్టే పిల్ల.

హాసిని వెనక్కి జరిగింది. నా ముఖంలోకి చూసి, తన అమెరికా యాసలో అడిగింది.

"నువ్వు రియల్ ఆంటీ ఆ?"

జవాబు కోసం నేను భానుశ్రీ వైపు చూశాను. ఆమె కిటికీలోంచి మంచునే చూస్తూ, కూతుర్ని ఇంకొంచెం తన వైపుకి లాక్కుంది.