నీళ్లకుండ కింది సీసా

ఈ మధ్య మాత్రలు రేకులోంచి మర్యాదగా బయటికి రావడం లేదు. బొటనవేలితో నొక్కితే మాత్ర మంచం కిందికీ రేకు గోటిలోకీ పోతున్నాయి. షాపువాడితో చెబితే నా వయసు వంక చూస్తాడు. నేను బళ్లారిలో కుర్రవాడిగా ఉన్న కాలంలో ఈ బాధ లేదు. చాలా మందులు ఇంకా చెట్లకే ఉండేవి. వాటిని కిందికి దించే భారం నా మీదే ఉందని నమ్మేవాణ్ణి.

బిళ్ళగన్నేరులోంచి క్యాన్సరుకు మందు తీశారని పత్రికల్లో వచ్చిన కొత్త. ఊళ్లో ఒక చిన్న ప్రయోగశాలలో, బీఎస్సీ పట్టాతో, నేను సహాయకుణ్ణి. మా డాక్టరుగారు ఎలుక క్యాన్సరు గడ్డలోంచి తీసిన కణాలను సీసాల్లో పోసి, ఒక్కోదాంట్లో ఒక్కో ఆకు రసం కలిపించేవారు. సాయంత్రం రంగు వేస్తే చచ్చిన కణాలు నీలమవుతాయి, బతికినవి కావు. పోల్చి చూడడానికి ఏ ఆకూ కలపని సీసా ఒకటి ఉండాలి. దాన్ని జాగ్రత్తగా చూసుకొమ్మన్నారాయన. మా ఇళ్లలో జాగ్రత్త అంటే వెన్న, తమలపాకులు పెట్టినట్టు నీళ్లకుండ కింది తడి ఇసుకలో పెట్టడమే. పెట్టాను. మిగతా సీసాలు, ఒంట్లో ఉండేంత వేడి తగలాలని, కిటికీ పక్కన రేకుపెట్టెలో ఉండేవి.

ఆ ఏప్రిల్‌లో ఫలితాలు అద్భుతం. ఉత్తరేణి చంపింది, తంగేడు చంపింది, చివరికి (నా అన్నం డబ్బాలోంచి తీసి సరదాకు కలిపిన) కరివేపాకు కూడా చంపింది. డాక్టరుగారు ప్రపంచానికి తెలియజేయడానికి వ్యాసం మొదలుపెట్టారు. నేను అంత ఆగలేక రూపనగుడిలో మా మేనత్తకు తెలియజేశాను.

పొగాకు నమిలే అత్తకు అప్పటికే బుగ్గలో గడ్డ లేచింది. ఆస్పత్రిలో క్యాన్సరనగానే మామ మద్రాసు ఆస్పత్రికి ప్రయాణం కట్టాడు. రైలంటే భయపడే అత్త నా మాట వినగానే సర్దిన ట్రంకుపెట్టె ఖాళీ చేసి, రోజూ ఉత్తరేణి నూరి మింగడం మొదలుపెట్టింది. మామ ఒక్కసారే అడిగాడు.

"అబ్బీ, నిజంగా పనిచేస్తాదా?"

"కండ్లారా చూసినా మామా" అన్నాను. (చూసింది సీసాలో అని చెప్పలేదు. ఆయనా అడగలేదు.)

మూడు వారాల తర్వాత అటెండరు కుండ కడగడానికని తీసి, నా సీసాను రేకుపెట్టెలో మిగతావాటి సరసన పెట్టాడు. ఆ సాయంత్రం ఏ ఆకూ కలపని సీసా కూడా నీలమైంది. డాక్టరుగారు చాలాసేపు సూక్ష్మదర్శినిలో చూసి, వ్యాసం మడిచి జేబులో పెట్టుకుని, "మనం కనిపెట్టింది బళ్లారి ఎండనోయ్" అన్నారు.

మర్నాడు తొలి బస్సులో రూపనగుడి వెళ్లాను. అత్త రోట్లో ఆకు నూరుతోంది. "ఆకు కాదంట అత్తా, ఎండకు చచ్చినాయంట" అన్నాను, ఆ ప్రయోగం ఎవరో దూరపు బంధువు చేసినట్టు. మామ లోపలికి పోయి ట్రంకుపెట్టె మళ్లీ సర్దాడు. మద్రాసులో ఇంత ఆలస్యమెందుకు చేశారని అడిగారట. మామ నా పేరు చెప్పలేదట. గడ్డతో పాటు సగం బుగ్గ తీసేశారు. అత్త బతికింది.

రెండేళ్లకు నాకు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే ఉద్యోగం వచ్చింది. కొత్త కోటు తొడుక్కుని దీవెనకు వెళ్లాను. (ఆ కోటుతో తీయించుకున్న ఫోటో ఇంకా ఉంది. అందులోని వాణ్ణి చూస్తే నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. వాడికి మాత్రం ఏ సందేహమూ ఉన్నట్టు కనపడదు.) అత్త నా తల మీద చెయ్యి పెట్టి, మిగిలిన పక్క నోటితో మెల్లగా అంది:

"పిల్లోళ్లకు పాఠాలు చెప్పుకో నాయనా. రోగమొచ్చినోళ్లకు మాత్రం ఏమీ చెప్పొద్దు."