మూడు తీగలూ నా పాండిత్యమూ

ఆ రోజుల్లో మా నల్గొండలో రేడియో ఉన్న ఇంటికి ఎంత గౌరవమో, ఆ రేడియో గురించి నాలుగు మాటలు చెప్పగలిగిన వాడికి అంతకు రెట్టింపు గౌరవం. ఆ మాటలు నిజం కావలసిన అవసరం మాత్రం ఎవరికీ ఉండేది కాదు. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. కచేరీలో కొత్తగా గుమాస్తాగా చేరాను. రేడియో గురించిన పుస్తకం ఒకటి తెచ్చుకుని పదిహేను పేజీలు చదివాను (పదహారో పేజీలో లెక్కలు మొదలయ్యాయి, అక్కడే ఆపేశాను). ఇక జిల్లాలో నాకంటే తెలిసినవాడు లేడని నా నమ్మకం. ఉద్యోగస్థుణ్ణి కదా, ఇంట్లో కూడా రబ్బరు చెప్పులు విప్పేవాణ్ణి కాదు. ఎంత వెధవ వేషమో అది.

మా ఇంటికి రేడియో వచ్చింది అక్క కోసం. పెళ్లయి హైదరాబాద్ వెళ్లిన మూడేళ్లకు ఆమెకు రేడియోలో పాడే అవకాశం దొరికింది. అక్క పాట వినకుండా మా నాన్నకు, మేం పిలిచే బాపుకు, ఒకప్పుడు పొద్దు గడిచేది కాదు. రేడియో బిగించిన మిస్త్రీ నన్ను పిలిచి, "మూడు తీగెలు సారూ. గిది కరెంటుది, గిది మీదికి పోయే ఏరియల్, గిది భూమిల పాతేటి ఎర్తు. ఎర్తు గుంతల దినాం చెంబెడు నీళ్లు పొయ్యుండ్రి. గదే అసలుది" అన్నాడు.

"తాగనీకే నీళ్లు లెవ్వు, తీగెకు పొయ్యాల్నా" అంది అమ్మ.

మిస్త్రీ అటు వెళ్లగానే నేను ఎర్తు తీగను కోసి ఏరియల్‌కు కలిపి దాన్ని ఇంకా పొడుగు చేశాను. "పాట ఆకాశంలకెల్లి వస్తాంది గని పాతాళంలకెల్లి వస్తదా బాపూ" అన్నాను. "సదువుకున్నోనివి, నీకే ఎరుక" అన్నాడు బాపు. (నన్ను అంత గుడ్డిగా నమ్మిన మనిషి మళ్లీ దొరకలేదు.)

ఆ సాయంత్రం వాడకట్టంతా మా అర్రలో కూర్చుంది. అక్క పేరు చెప్పడం లీలగా వినిపించింది. ఆ తరువాత అంతా గుర్రుమని మోత, వడ్లమిల్లు నడిచినట్టు. నేను ఉన్న మరలన్నీ తిప్పాను, లేని మరల కోసం కూడా వెతికాను. అక్క ఆ మోత వెనకాల ఎక్కడో పాడుతూనే ఉంది. బాపు ముఖం చూడలేకపోయాను.

బాపు లేచి రేడియో వెనక్కి పోయి, నేను కోయగా మిగిలిన ఎర్తు తీగ ముక్కను పట్టుకుని, "గిదేందిరా" అన్నాడు. మోత ఆగింది. అక్క గొంతు అర్రంతా నిండింది. నేను ఆ ముక్కను లాక్కుని పట్టుకున్నాను, మోత మళ్లీ మొదలైంది. జనం వస్తారని అమ్మ అలికితే రేడియో వెనక ఇంకా ఆరని తడినేల మీద బాపు ఉత్త కాళ్లతో నిలబడ్డాడు. నా కాళ్ల కింద రబ్బరు. మొత్తానికి ఆ ఇంట్లో ఎర్తు తీగగా పనికొచ్చే మనిషి బాపు ఒక్కడే.

"ఇటు తే. జర జుమ్మంటాంది, గంతే" అని తీగ మళ్లీ తీసుకున్నాడు. పాట అయ్యేదాకా అట్లాగే నిలబడ్డాడు. కళ్లు తుడుచుకోవడానికి కూడా చేయి వదల్లేదు.

పాట అయిపోయింది. పల్లికాయ ధరలు మొదలయ్యాయి. బాపు తీగ వదల్లేదు.

"ఇడువు బాపూ, అయిపాయె" అన్నాను.

"మల్లొకటి పాడుతదేమో బిడ్డా."

ఇక పాడదని నాకు తెలుసు. పదిహేను పేజీలు చదివిన ఆ పండితుడు తన జన్మలో మొదటిసారి, తెలిసిన సంగతి చెప్పకుండా నోరు మూసుకున్నాడు.