ఎత్తిన వేలు

తార్నాకలోని తన ఇంట్లో పాట పెట్టగానే మా ప్రొఫెసర్ కళ్లు మూసుకుని చూపుడువేలు ఎత్తేవారు. చనిపోయిన భార్య చర్చిలో పాడుతుంటే రికార్డు చేసిన పాట అది. ఆ గొంతు ఇంకా స్పష్టంగా వినాలనే ఖరీదైన స్పీకర్ కేబుళ్లు మార్చి మార్చి కొనేవారు. ఆయన దగ్గర రీసెర్చ్ చేస్తున్న నాకు అదంతా పిచ్చిగా తోచేది. ఓ రోజు ఆయన టీ పెట్టడానికి వెళ్లగానే కొత్త కేబుల్ పీకేసి, ముషీరాబాద్‌లో కొన్న మామూలు లైటు వైరు తగిలించాను.

పాట మొదలైంది. వేలు లేచింది.

“ఇగో, ఊపిరి తీసుకున్నది. విన్నవా? కొత్త కేబుల్ పెట్టినంకనే వినవడుతున్నది.”

నేను పకపకా నవ్వి వైరు చూపించాను.

“అయితే నేను విన్నదేంది?” అన్నారు, వేలు దించకుండానే.

మర్నాడు క్యాంపస్‌లో ఆయన నడిచి వస్తుంటే స్టూడెంట్లు కళ్లు మూసుకుని వేళ్లెత్తారు. నేర్పింది నేనే.